కాలువ కట్టేశాక మిగిలే నీళ్ళు

ఏప్రిల్ సగం దాటేసరికి కోనసీమలో కాలువలు కట్టేస్తారు. బొబ్బర్లంక దగ్గర తలుపులు దిగిన కొద్ది రోజులకే కొత్తపేటలోనూ, ఆ తర్వాత అమలాపురంలోనూ కాలువ అడుగు కనబడుతుంది. మంచినీటి చెరువులు అప్పటికే నింపి పెట్టుకుని ఉంటారు. పూడిక తీసేవాళ్ళు, గట్లు సరిచేసేవాళ్ళు కాలువలోకి దిగుతారు. అయినా ఊళ్ళ మధ్య నుంచి పోయే కాలువ పూర్తిగా ఎండదు. నల్లగా, అక్కడక్కడా సబ్బు నురగతో, సన్నటి ధార ఒకటి సాగుతూనే ఉంటుంది. మన స్నానాల గదులూ వంటిళ్ళూ సెప్టిక్ ట్యాంకులూ వదిలిన నీరది. మిగతా నెలలన్నీ గోదావరి తన ప్రవాహంలో కలుపుకుని దాచే మన మురుగు, కాలువ కట్టేసిన ఆ కొద్ది వారాలూ ఒంటరిగా బయటపడుతుంది.

ఈ ధారను శుద్ధి చేసి పార్కులకీ, రోడ్ల పక్క చెట్లకీ, గుడి తోటలకీ, కాలేజీ ఆవరణలకీ పెట్టవచ్చా? పెడితే ఎంత శుద్ధి కావాలి, ఏ మొక్కకి, ఏ నెలలో? నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో ఈ ప్రశ్నకి ఒక రకం జవాబు దొరికింది. మూడు పక్కల గోదావరి పాయలు, నాలుగో పక్క సముద్రం ఉన్న సీమలో జవాబు వేరుగా ఉంటుందని నా అభిప్రాయం. ఇక్కడ ఆ నీటిని మొక్కకి పెట్టడానికి మొదటి కారణం మొక్క దాహం అనుకోను. తాగునీటి కాలువలోకి మురుగు చేరకుండా ఆపడమే మొదటి కారణం. ఈ వరస తిరగేసి ఆలోచించిన చోటల్లా డబ్బు ఖర్చయింది, కాలువ మాత్రం అలాగే ఉంది.

వాడిన నీటిని మొక్కకి పెట్టడం మనకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మా అమ్మమ్మగారి దొడ్లో నూతి చపటా వాలున స్నానం నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు జారి ముందు చేమ మొక్కల్లోకి, అక్కణ్ణించి అరటి మొదళ్ళకి, ఇంకా మిగిలితే కొబ్బరి పాదులోకి పోయేవి. వాసన వచ్చేది కాదు. దోమలు పెద్దగా లేచేవి కావు. ఎందుకంటే ఆ నీళ్ళలో మలం కలిసేది కాదు. అంట్లు బూడిదతో, కొబ్బరి పీచుతో తోమేవారు కనుక డిటర్జెంట్లలోని సోడియం, బోరాన్ ఉండేవి కావు. నూతిలోంచి చేదతో తోడిన నీళ్ళు గనక మోతాదు కూడా కొంచెమే. నేల పూటకాపూట పీల్చుకునేది. ఈ మూడింటిలో ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. మోటారు వేస్తే ట్యాంకు నిండుతుంది, వాషింగ్ మెషిన్ తిరిగితే నురగ పారుతుంది, మరుగుదొడ్డి గొట్టం వెళ్ళి పక్క కాలవలోనే కలుస్తుంది. అమ్మమ్మ కాలపు పద్ధతి అంటూ ఈ నీళ్ళని నేరుగా అరటి మొదట్లోకి వదిలేవాళ్ళని చూశాను. పద్ధతి పాతదేగానీ నీళ్ళు పాతవి కావు.

సెప్టిక్ ట్యాంకు మలినాన్ని శుద్ధి చేస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అది చేసే పని తేర్చడం. బరువైనది అడుగున ముద్దగా పేరుకుంటుంది, కొంత కుళ్ళి తగ్గుతుంది. పైన తేరిన నీరు క్రిముల్ని మోసుకుంటూనే బయటికి పోతుంది. ఆ నీటిని ఇంకుడు గుంట పీల్చుకోవాలి. తెలంగాణలోనో రాయలసీమలోనో లోతైన పొడి నేల ఆ పని కొంత చేస్తుంది. కోనసీమలో వానాకాలం చెయ్యి చాపితే నీళ్ళు తగులుతాయి. నేల అప్పటికే నిండి ఉంటే గుంట ఎక్కడికని ఇంకిస్తుంది? అందుకే ట్యాంకు గొట్టం వీధి కాలవలోకి తిప్పేస్తారు, వీధి కాలవ పంట కాలువలోనో డ్రెయిన్‌లోనో కలుస్తుంది. ఇంకొందరు సిమెంటు ఒరలు దింపి అడుగు కట్టకుండా వదిలేస్తారు. ఆ ఒర పక్కనే చేతిపంపు ఉంటుంది.

కాలువ వాలు కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మధ్య డెల్టా కాలువలు సాగుకీ తాగడానికీ ఒకటే. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా డొక్కా సీతమ్మ అక్విడెక్టు దాటి రాజోలు వైపు వెళ్ళే నీరు, దారిలో ఎన్ని ఊళ్ళ గట్లు ఒరుసుకుంటూ వెళ్తుందో లెక్క వేయండి. ఎగువ ఊరి వీధి కాలవ, దిగువ ఊరి మంచినీటి చెరువు. శివారు గ్రామాలవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాట ఇదే.

అమలాపురం సంగతి లెక్క వేసి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణంలో 53 వేల మంది. పట్టణ నీటి సరఫరాకి మన దేశపు ఇంజనీర్లు వాడే కొలత మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని అంచనా. అంత నీరూ నిజంగా అందుతోందనుకుంటే రోజుకు 57 లక్షల లీటర్ల పైచిలుకు. ఇందులో సగమే చేతికొచ్చినా చిన్న నీరేం కాదు. ఎకరం పచ్చికకి ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే 20 వేల లీటర్లు పడుతుంది. అంటే ఆ మొత్తం నీటితో 280 ఎకరాల పచ్చిక పెంచవచ్చు. అమలాపురంలో అంత పార్కు ఎక్కడుంది? ఊరి చుట్టూ ఉన్నది కొబ్బరి. కాసరగోడు కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ చెప్పే మోతాదు చెట్టుకి నాలుగు రోజులకోసారి 200 లీటర్లు. రోజుకు 50 అనుకుంటే లక్ష చెట్ల పైమాటే. కోనసీమలో పచ్చదనం గురించి మాట్లాడుతూ పట్నాల లాన్‌నే ఊహించుకోవడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతోంది. ఇక్కడి ప్రకృతి దృశ్యమే కొబ్బరి. జాతీయ రహదారి పక్కన, కాలువ గట్టున, బడి ఆవరణలో, దిండి రిసార్టు ముంగిట కనబడేది ఆ చెట్టే.

ముందు ఆరోగ్యం సంగతి తేల్చుకోవాలి. శుద్ధి కాని మురుగులో టైఫాయిడ్, పచ్చకామెర్లు, నీళ్ళ విరేచనాలు తెచ్చే క్రిములుంటాయి. వాటికన్నా మొండివి నులిపురుగుల, ఏలికపాముల గుడ్లు. తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి, క్లోరిన్‌కి లొంగవు. కొంకిపురుగు పిల్లలు చెప్పుల్లేని పాదం చర్మంలోంచే లోపలికి దూరతాయి. పార్కులో వట్టి కాళ్ళతో ఆడే పిల్లలు, పాదులు చేసే తోటమాలులు – ముందు దెబ్బ తినేది వీళ్ళే. తోటమాలుల గురించి మన పత్రాల్లో ఎక్కడా ఒక వాక్యమైనా ఉండదు. ఒకసారి ఒక ఆవరణలో గొట్టం పట్టుకుని మొక్కలు తడుపుతున్న పెద్దాయన్ని, ‘ఈ నీళ్ళు ఎక్కడివండీ?’ అని అడిగాను. ‘ఆయ్, వెనకాల ట్యాంకులోవండీ. మొక్కలకి బలవండీ’ అన్నాడు. అదే గొట్టం నీళ్ళతో చేతులు కడుక్కుని అన్నం డబ్బా విప్పాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

శుద్ధిలో ఒక్కో మెట్టు ఒక్కో పని చేస్తుంది. తేర్చడం పురుగుల గుడ్లలో ఎక్కువ భాగాన్ని దింపుతుంది. గాలి ఊది మంచి సూక్ష్మజీవుల్ని పెంచే రెండో మెట్టు కుళ్ళే పదార్థాన్ని తింటుంది. ఆ పదార్థం ఎంతుందో చెప్పే బీఓడీ అనే అంకె పడిపోయేది ఇక్కడే. ఇసుక వడపోత మసకను తీస్తుంది. ఆ తర్వాతే క్లోరిన్ గానీ అతినీలలోహిత కాంతి గానీ క్రిముల మీద పనిచేస్తుంది. వరస ముఖ్యం. మసక నీళ్ళలో ఎంత క్లోరిన్ పోసినా మలినపు రేణువుల చాటున క్రిములు దాక్కుంటాయి. పైగా నీళ్ళలో మిగిలిన అమ్మోనియా క్లోరిన్‌ని ముందే పట్టేసుకుంటుంది. చాలా చోట్ల వడపోత మూలపడి, బ్లీచింగ్ పొడి మాత్రం దండిగా చల్లుతుంటారు. వాసన చూసి శుద్ధి అయిందనుకోవడం వల్ల వచ్చే ప్రమాదం ఇది. ఇంకో సంగతి: క్లోరిన్ ఎక్కువైన నీరు పక్కనున్న చేపల చెరువులోకి జారితే చేప తట్టుకోదు. చెరువూ తోటా గట్టు పంచుకునే ఈ సీమలో దీన్ని చిన్న విషయంగా తీసిపారేయలేం.

ఎంత శుద్ధి చాలు అన్న దాని మీద ప్రపంచంలో రెండు ఆలోచనలున్నాయి. కాలిఫోర్నియాది నీటిని పూర్తిగా కడిగెయ్యాలనే దారి. పార్కులకీ బడి మైదానాలకీ వాడే నీళ్ళలో 100 మిల్లీలీటర్లకి కోలీఫాం సూక్ష్మజీవులు సగటున 2.2 దాటకూడదు, మనుషులు తక్కువ తిరిగే రహదారి పక్క మొక్కలకీ శ్మశానాలకీ 23 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో మలసంబంధ కోలీఫాం 1000 దాకా సాగుకి సరేనంటూనే, జనం నేరుగా తాకే హోటల్ పచ్చికల్లాంటి వాటికి 200 మాత్రమే అంది. పురుగుల గుడ్లు లీటరుకు ఒకటి మించకూడదంది. 2006 నాటికి ఆ సంస్థ ఆలోచన మారింది. ఒక్క అంకెను పట్టుకుని వేలాడకుండా, శుద్ధి కొంత, నీళ్ళు పెట్టే పద్ధతి కొంత, కోతకి ముందు విరామం కొంత – అడ్డుగోడలు వరసగా పేర్చమంది. మన దేశంలో పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో 1000 లోపు అంది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని బిగించి, 100 ఉంటే మంచిది, 230 దాటకూడదు అంది.

నాకు 2006 దారే కోనసీమకి సరిపోతుందనిపిస్తుంది. చిన్న పురపాలక సంఘాలు, పంచాయతీలు కాలిఫోర్నియా అంకెను కాగితం మీద రాసుకుని, దాన్ని నిలబెట్టే యంత్రాన్ని రెండేళ్ళలో తుప్పు పట్టిస్తాయి. అలాగని అడ్డుగోడల మాట చెప్పి శుద్ధిని వదిలేయడం కూడా కుదరదు. 230 నిలబెట్టి, ఆ నీటిని స్ప్రింక్లర్‌తో ఎగజిమ్మకుండా డ్రిప్ గొట్టంతో ఆకుల మల్చింగ్ కింద వదిలితే – ఎత్తున కాసే చెట్టుకి ఆ రెండూ కలిసి పెద్ద కోటే అవుతాయి. కొబ్బరి కాయ నలభై అడుగుల పైనుంటుంది. నీరు దాన్ని తాకదు. దింపిన బొండాలు తడి పాదులో పడకుండా, దింపడానికి రెండు మూడు రోజుల ముందు డ్రిప్ ఆపేస్తే చాలు. అదే నీటిని కొత్తిమీర, తోటకూర మడులకి పెట్టడం మాత్రం నేనొప్పుకోను.

మూసీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాద్ మురుగు దశాబ్దాల తరబడి మూసీలో కలిసి, దిగువన గడ్డి మడులకీ వరికీ పారింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు ఆ నీటిని నగరం నుంచి దిగువకి అంచెలంచెలుగా పరీక్షించారు. దారి పొడుగునా ఉన్న పాత కత్వల దగ్గర నీరు ఆగి తేరుతూ వెళ్ళి, సుమారు 40 కిలోమీటర్లు పోయేసరికి పురుగుల గుడ్లు దాదాపు లేకుండా పోయాయి. ఏ యంత్రమూ లేదు. నిలకడా కాలమూ ఆ పని చేశాయి. అయితే అదే నీటిలో ఉప్పు దిగువకి వెళ్ళినా తగ్గలేదు. ఈ రెండో సంగతి కోనసీమకి మొదటిదానికన్నా ముఖ్యం. హైదరాబాద్ చెప్పే మరో పాఠం కూడా ఉంది. నగరం చివర పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందుకే ఆసుపత్రి, ఫ్యాక్టరీ నీటిని ఇళ్ళ నీటితో కలిపిన గొట్టం నుంచి వచ్చేదాన్ని తోటకి పెట్టకూడదు. ఆ గీత మొదట్లోనే గియ్యాలి.

ఉప్పు దగ్గరికి వద్దాం. కోనసీమలో ఈ ప్రశ్న అంతా చివరికి ఉప్పు దగ్గరే నిలబడుతుంది. ఏ మామూలు మురుగు శుద్ధి కేంద్రం కూడా ఉప్పుని తీయదు. గాలి ఊదినా, ఇసుకలో వడగట్టినా, క్లోరిన్ కలిపినా లోపలికి వచ్చిన ఉప్పు వచ్చినట్టే బయటికి పోతుంది. పైగా ఇళ్ళలో వాడకం వల్ల లీటరుకు రెండు మూడు వందల మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. గోదావరి నీరు తియ్యనిది గనక కాలువ పారే నెలల్లో ఈ చేరిక ఇబ్బంది పెట్టదు. కాలువ కట్టేశాక జనం బోర్ల మీద పడతారు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి తీర మండలాల్లో ఆ బోరు నీళ్ళ రుచి అందరికీ తెలుసు. అవే వాడి, అవే వదిలితే శుద్ధి కేంద్రం నుంచి ఉప్పునీరే వస్తుంది. సరిగ్గా మొక్కకి నీరు కావలసిన నెలలోనే వస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టిక ప్రకారం కరిగిన ఉప్పులు లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపుంటే నిశ్చింత. 2000 దాటితే చాలా మొక్కలకి కష్టం. మన దేశంలో సాగునీటికి వాడుకలో ఉన్న హద్దు 2100. మెరక నేలలో, వాలుగా నీరు జారిపోయే చోట ఆ హద్దుతో నెట్టుకురావచ్చేమో. నీటిమట్టం పైకే ఉండి, ఉప్పు కిందికి దిగే దారి లేని చోట పనికిరాదు. 1000 మిల్లీగ్రాముల నీటిని రోజుకు ఎకరానికి 20 వేల లీటర్ల చొప్పున పెడితే 20 కిలోల ఉప్పులు మోసుకెళ్ళి మట్టిలో పోసినట్టే. కాలువ లేని నెలన్నరలో 900 కిలోలు. గులాబి, మందారం ముందు ఆకు అంచులు మాడ్చుకుని చెబుతాయి. గన్నేరు, బోగన్‌విల్లా, సరుగుడు, కొబ్బరి ఓర్చుకుంటాయి. క్లోరైడ్ కొబ్బరికి కొంత మేలే చేస్తుంది కూడా. ఓర్పుకీ హద్దుంది.

ఆ హద్దు ఎక్కడుందో రాజోలు సీమ చూపించింది. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి సముద్రపు పోటు ఎగదన్ని, పాటులో తిరిగి దిగకుండా పాదుల్లో నిలిచి, కొబ్బరి చెట్లు తలలు వాల్చి మోడులయ్యాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి చూశాక రాష్ట్రమంతా ఆ సంగతి విన్నది. రైతులు అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే చెబుతున్నారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా పూడిపోయిన డ్రెయిన్ల గోడు ఉంది. నేను దీన్ని మురుగు శుద్ధితో ఎందుకు కలుపుతున్నానంటే, వేసవిలో పాదులో చేరిన ఉప్పుని కడిగేది వాన. జూన్ నుంచి నవంబరు దాకా పడే వాన ఎండాకాలపు ఉప్పుని కడిగి డ్రెయిన్‌లోకి దింపాలి. డ్రెయిన్ సముద్రంలోకి దిగాలి. పూడిపోయి, గుర్రపుడెక్క కప్పిన డ్రెయిన్ ఆ పని చేయలేదు. సప్త గోదావరి పాయల్లో ఒకటిగా చెప్పుకునే కౌశిక ఇవాళ డ్రెయిన్ పేరుతోనే మిగిలింది. దాని గట్ల మీద ఆక్రమణలు తీయకుండా, పూడిక ఎత్తకుండా, ఊళ్ళో శుద్ధి కేంద్రం కట్టి ఆ నీటిని తోటలకి పెడతామంటే, తాళం లేని ఇంటికి కొత్త తలుపు బిగించినట్టే.

నత్రజని సంగతి కొంత సంతోషం, కొంత జాగ్రత్త. రెండో మెట్టు దాటిన నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుంటే, ఎకరానికి నెలకి 18 కిలోలు చేరుతుంది – ఒక యూరియా బస్తాలో ఉండే నత్రజనికి కాస్త తక్కువ. తోటకి ఎరువు మిగిలినట్టే. కానీ మామూలుగా వేసే యూరియా ఆపకుండా ఈ నీరు పెడితే, తీరపు ఇసుక నేలలోంచి అది నైట్రేటుగా మారి నేరుగా నూతిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువు మోయలేకపోతుంది. ఎరువు లెక్కా నీటి లెక్కా ఒకే పుస్తకంలో రాయాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం లాంటి చోట్ల ఈ లెక్కని మన నేలల మీదే ఒకటి రెండేళ్ళు కట్టి చూపితే, రైతు వేరే రాష్ట్రాల పట్టికలు వెతుక్కోనక్కర్లేదు.

దోమని మరిచిపోతే గోదావరి జిల్లాలని మరిచిపోయినట్టే. బోదకాలు ఈ సీమని తరాలుగా పట్టి పీడించింది. ఏటా ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచిన రోజులు అందరికీ గుర్తే. ఆ జబ్బుని మోసే క్యూలెక్స్ దోమకి నిలవున్న మురుగునీరే పుట్టిల్లు. శుద్ధి చేసిన నీటిని తోట పక్కన తెరిచిన గుంటలో నిలవ చేస్తే, ఒక జబ్బు ఆపబోయి ఇంకోటి పెంచుకున్నట్టవుతుంది. నిలవ ట్యాంకు మూసి ఉండాలి, గాలి గొట్టానికి జాలీ ఉండాలి, డ్రిప్ వదిలాక పాదులో రాత్రికి నీరు నిలవకూడదు. పాదంతా నిండేలా పెట్టే పాత అలవాటు ఈ నీటికి పనికిరాదు.

బయటి అనుభవాల్లో కొన్ని మాత్రమే చూస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో 1912 నుంచే మురుగుతో పచ్చిక పెంచారు. వాసన భరించలేక 1932లో శుద్ధి కేంద్రం కట్టారు. మన చండీగఢ్ దశాబ్దాలుగా విడి గొట్టాల్లో శుద్ధ జలాన్ని లాన్‌లకి ఇస్తోంది, అక్కడా వాసన మీద ఫిర్యాదులు ఆగలేదు. హైదరాబాద్‌లో 3,866 కోట్లతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. మొత్తం సామర్థ్యం రోజుకు 125 కోట్ల లీటర్ల పైన. అక్కడ శుద్ధయిన నీళ్ళలో కూడా ఎక్కువ భాగం తిరిగి మూసీలోకే పోతున్నాయంటే, శుద్ధి చేయడం వేరు, వాడకానికి గొట్టం వేయడం వేరని తెలుస్తుంది. తెలుగు మాట వీధి వీధినా వినబడే కోలారుకి 2018 నుంచి బెంగళూరు శుద్ధ జలాన్ని చెరువులకి పంపుతున్నారు. మొదలైన కొద్ది వారాలకే తొలి చెరువులో నురగ లేచింది, కొన్నాళ్ళు ఆపారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎండిన చెరువులు నిండాయన్న సంతోషమూ, మూడో మెట్టు శుద్ధి లేదన్న భయమూ అక్కడ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ నిజమే.

వీటన్నిటికన్నా నాకు నచ్చిన చిన్న ఏర్పాటు ఒకటుంది. మన పిల్లలు చాలామంది స్థిరపడ్డ కాలిఫోర్నియాలోని డబ్లిన్, శాన్ రమోన్ ప్రాంతంలో 2014 కరవులో అక్కడి నీటి సంస్థ, ఇంటివాళ్ళు డబ్బాలు తెచ్చుకుని శుద్ధ జలం పట్టుకెళ్ళి తోటలకి పెట్టుకోవచ్చంది. ఒక్క షరతు: ముందు కాసేపు శిక్షణ తీసుకుని, ఈ నీరు తాగకూడదనీ, దేనికి వాడాలో తెలిసిందనీ కాగితం మీద సంతకం పెట్టాలి. ఊదా రంగు గొట్టం అంటే తాగరాని నీరని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మన దగ్గర ఆ గొట్టం రంగుకి అర్థం ఇంకా పుట్టలేదు. అందుకే మంచినీటి గొట్టంతో అది ఎక్కడా కలవకుండా చూడటం అన్ని జాగ్రత్తల్లోకీ పెద్ద జాగ్రత్త. పది లక్షల యంత్రాన్ని ఒక ప్లంబరు పొరపాటు వమ్ము చేస్తుంది.

మనకి అతి దగ్గరి ఉదాహరణ కాలిఫోర్నియాలో లేదు, వశిష్ఠ అవతలి ఒడ్డునే ఉంది. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. సెప్టిక్ ట్యాంకుల ముద్దను శుద్ధి చేసే కేంద్రాన్ని, రోజుకు 15 వేల లీటర్ల సామర్థ్యంతో, ఆ చిన్న పట్టణంలో కట్టారు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా వెనక నిలిచి సాయం చేసింది. ట్యాంకర్లు రాత్రిపూట ఏ డ్రెయిన్‌లోనో వదిలేసే ముద్దకి ఒక చిరునామా దొరికింది. అదే గోదావరి, అదే నేల, అదే నీటిమట్టం. మనకీ వాళ్ళకీ మధ్య ఒక పంటు ప్రయాణం. అయితే ఒకటి స్పష్టంగా చెప్పాలి. అలాంటి కేంద్రం ముద్దని పట్టుకుంటుంది, ట్యాంకు మీంచి పొర్లే నీటిని పట్టుకోదు. కాలువ కట్టేశాక కనబడే ఆ నల్లటి ధార అలాగే ఉంటుంది. దాన్ని ఆపాలంటే వీధి కాలవ కాలువలో కలిసే చోట అడ్డుకట్ట వేసి, నీటిని పక్కకి మళ్ళించాలి.

మళ్ళించి ఎక్కడ శుద్ధి చేయాలి? పట్టణమంతటికీ భూగర్భ డ్రైనేజీ తవ్వి, ఒకే పెద్ద కేంద్రానికి తీసుకెళ్ళడం నీరు ఊరే నేలలో ఖరీదైన పని. పల్లపు నేలలో అడుగడుక్కీ పంపింగు కావాలి, గొట్టం పగిలితే భూగర్భ జలమే లోపలికి చొరబడుతుంది. చిన్న చిన్న గుంపులుగా చేయడమే మేలని నా నమ్మకం. ఒక హాస్టలు, ఒక కల్యాణ మండపం, ఒక గుడి సత్రం, ఒక వీధి. ముందు గదులు గదులుగా తేర్చే మూతట్యాంకు, తర్వాత మెట్టతామర నాటిన గులకరాళ్ళ పాన్పు, ఆపైన ఇసుక వడపోత, చివర క్లోరిన్. కరెంటు తక్కువ, తిరిగే యంత్రాలు తక్కువ. అడుగు, గోడలు మాత్రం కాంక్రీటుతో నీరు చొరబడకుండా కట్టాలి, అదీ వరద మట్టానికి పైన, మెరక మీద. 1986 ఆగస్టు వరదనీ, 2022 జూలై వరదనీ చూసినవాళ్ళకి లంకల్లో అలాంటిది కట్టకూడదని చెప్పనక్కర్లేదు.

వానాకాలం మాట చాలా నివేదికలు దాటేస్తాయి. మురుగు పన్నెండు నెలలూ ఒకేలా వస్తుంది. మొక్కకి నీరు కావలసింది ఆరేడు నెలలే. జూలైలో నిండిన పాదులో ఇంకా నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. ఆ నెలల్లో శుద్ధ జలం డ్రెయిన్‌లోకే వెళ్ళాలి. కాబట్టి ‘తోటకే కదా’ అని శుద్ధిని తగ్గించే వీలు కోనసీమలో లేదు; డ్రెయిన్‌లోకి వదలగలిగేంత శుభ్రంగా ఏడాది పొడుగునా ఉంచాలి. అంతర్వేది కల్యాణానికి లక్షల మంది వచ్చే మాఘమాసపు రోజులకీ, 2027లో రానున్న గోదావరి పుష్కరాలకీ మామూలు లెక్కలు పనికిరావు. తాత్కాలిక మరుగుదొడ్ల నీరు ఎటు వెళ్తుందో ఇప్పుడే గీసుకోవాలి, ఘాట్ కట్టాక వెతుక్కుంటే దారి గోదావరి ఒక్కటే కనబడుతుంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల మురుగునీటి పునర్వినియోగానికి 2017లోనే విధానం రాసుకుంది. కాగితానికి కొదవ లేదు. కొరవడింది ఊరి కొలతలు. వచ్చే ఏప్రిల్‌లో కాలువ కట్టేసిన మర్నాటి నుంచి అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో వీధి కాలవలు కలిసే నాలుగైదు చోట్ల ఎవరైనా ఒక టీడీఎస్ మీటరుతో వారానికోసారి ఉప్పు కొలిచి నోటుబుక్కులో రాయాలి. ఆ నీరు గంటకి ఎన్ని బక్కెట్లు పారుతోందో కూడా రాయాలి. ఏ కాలేజీ కుర్రాళ్ళయినా చేయగలిగిన పని. ఉప్పు ఏ వారంలో 450 దాటిందో, ఏ వీధిలో 2000 దాటిందో తెలిశాక, ఏ చెట్టుకి ఆ నీరు పెట్టాలో, ఏ వీధి నీటిని అసలు పెట్టకూడదో ఆ నోటుబుక్కే చెబుతుంది. జూన్‌లో కాలువ వదిలాక గోదావరి వచ్చి అంతా మళ్ళీ కప్పేస్తుంది. కొలవడానికి ఆ ఆరు వారాలే ఉన్నాయి.